దోరకాయకు నేను పెట్టిన గ్రేడు

ఊరికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా మా అన్న మాటల మధ్యలో ఒక సంగతి తప్పకుండా దూర్చేవాడు. "మా సెల్లెలు కుప్పంలో కంప్యూటరుకు టమోటా నేర్పిస్తాండాది" అని. వాళ్లకు అర్థమైనా కాకపోయినా తల ఊపేవాళ్లు. మా అన్నకే పూర్తిగా అర్థమైందని నేననుకోను. కానీ ఆ మాట అనేటప్పుడు భుజం మీది తుండు తీసి దులిపి రెండో భుజం మీద వేసుకునేవాడు. నేను పక్కనే ఉంటే సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయేదాన్ని. సిగ్గంటే పైకే. లోపల గర్వంగానే ఉండేది, ఎందుకు అబద్ధమాడాలి?

మా ఊరు పుంగనూరుకు దగ్గర. నన్నిచ్చింది కుప్పానికి. మా ఆయన గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బీఎస్సీ చదివి, పిల్లలు పెద్దవాళ్లయ్యే దాకా వంటింట్లోనే ఉన్నదాన్ని, ముప్పై ఎనిమిదేళ్లప్పుడు ఉద్యోగంలో చేరాను. టైల్స్ అంగడి పైన పెద్ద హాలు, వరసగా కంప్యూటర్లు, అన్నీ ఆడవాళ్లే. మా హాల్లో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిసిపోయేవి. పనికి మాత్రం భాషతో అవసరం లేదు. తెర మీద టమోటా క్రేటు ఫొటో వస్తుంది. ఒక్కొక్క కాయ చుట్టూ మౌసుతో గీత గీసి, అది 'ఏ'నా, 'బీ'నా, 'సీ'నా అని గుర్తు పెట్టాలి. అలాంటివి వేలకు వేలు. మేం పెట్టిన గుర్తులు చూసి చూసి యంత్రం నేర్చుకుంటుందట. తర్వాత మార్కెట్లో ఎవరైనా ఫోను చూపిస్తే చాలు, క్రేటులో సరుకు ఏ రకమో అదే చెప్పేస్తుందట.

చేరిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. మదనపల్లె యార్డులో మా నాయన, ఆయన తర్వాత మా అన్న, వ్యాపారుల ముందు ఎలా నిలబడేవాళ్లో నేను చూశాను. కొనేవాడు ఒక క్రేటు ఎత్తి నేల మీద గుమ్మరిస్తాడు. చెప్పు కొనతో నాలుగు కాయలు పక్కకు నెడతాడు. "మచ్చలు" అంటాడు. మచ్చ ఉంటే ఉందనుకో, లేకపోయినా అంటాడు. నాలుగు నెలలు నీళ్లకూ మందులకూ నిద్ర మానుకున్న మనిషి నోరు తెరవకుండా నిలబడాలి. యంత్రానికి బామ్మర్దులూ ఉండరు, పాత కోపాలూ ఉండవు, కాయను కాయగా చూస్తుందని నేను నమ్మాను. ఇంత తెలివితక్కువగా నమ్మినందుకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఇక్కడ దోరకాయ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా ఏడుపు ఎవరికీ అర్థం కాదు. మా వైపు టమోటా రెండు రకాలుగా కోస్తారు. దగ్గరి సంతలకైతే బాగా ఎర్రబడిన పండు. ఉత్తరాదికి లారీలో మూడు నాలుగు రోజులు పోయేదైతే దోరకాయ. కింద మొనలో ఎరుపు తిరిగి, తొడిమ దగ్గర ఇంకా పచ్చగా ఉండే కాయ. దాన్ని ఇవాళ కోస్తే దారిలో తనంతట తాను పండి, దిగే రోజుకు సరిగ్గా ఎర్రగా ఉంటుంది. ఒకరోజు ముందు కోస్తే పండదు. ఒకరోజు ఆలస్యమైతే లారీలోనే చితికి రసమైపోతుంది. ఆ ఒక్కరోజు పట్టుకోవడంలో మా అన్నను మించినవాడు మా చుట్టుపక్కల లేడు. బొటనవేలితో తొడిమ పక్కన ఒకసారి నొక్కి చూసేవాడు, అంతే. పెద్దపంజాణి వైపు రైతులు కూడా పొద్దున్నే బండేసుకుని వచ్చి, "మా తోట ఒకసారి సూసి పో అప్పా, రేపు కోయాల్నా, ఎల్లుండా" అని పిలుచుకుపోయేవాళ్లు. ఆ పేరు వచ్చాక ఆయన క్రేట్లను యార్డులో ఎవరూ గుమ్మరించేవాళ్లు కాదు. ఆయన తెచ్చాడంటే సరేనన్నట్టు.

ఇక మా హాల్లో మాకిచ్చిన నియమాల పుస్తకం. ఇంగ్లీషులో నలభై పేజీలు. అందులో ఉన్న టమోటాలు అద్దాల అంగట్లో దీపం కింద పెట్టి ఫొటో తీసినవి. అంతా ఎరుపైతే 'ఏ'. కొంచెం తేడా ఉంటే బీ. తొడిమ దగ్గర పచ్చ కనిపిస్తే సీ. అంతే. లారీ అన్నమాటే లేదు అందులో.

మొదటి వారంలోనే మా టీమ్ లీడర్ను అడిగాను. బెంగుళూరు నుంచి రైల్లో వచ్చిపోయే మనిషి, మర్యాదస్తుడే.

"సార్, ఇది పచ్చికాయ కాదు. దూరం పోవడానికి కోసిన కాయ. మావైపు ఇదే మొదటి రకం."

"మేడమ్, గైడ్‌లైన్లో ఏముందో అది పెట్టండి. మన సొంత అభిప్రాయం వద్దు."

"అభిప్రాయం కాదు సార్, మాది టమోటా పండించే ఇల్లు."

"కామెంట్ బాక్స్ ఉంది కదా, అందులో రాయండి. పైవాళ్లు చూస్తారు."

రాశాను. ప్రతి దోరకాయ ఫొటోకూ కింద రాశాను. పైవాళ్లు చూశారో లేదో నాకు తెలియదు కానీ, రాస్తూ కూర్చున్నందుకు నా వేగం తగ్గిందని మాత్రం చూశారు. నెలాఖరులో నా పేరు ఎర్ర గీత కింద వచ్చింది. ఇంకో నెల ఇలాగే ఉంటే తీసేస్తామన్నారు. ఇన్నేళ్లకు దొరికిన ఉద్యోగం. పొద్దున జడేసుకుని టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయటికి అడుగుపెట్టడంలో ఉన్న హాయి పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు. కామెంట్లు మానేశాను. దోరకాయ కనిపిస్తే సీ, ఇంకోటి కనిపిస్తే సీ. చెయ్యి అలవాటు పడిపోయింది. మూడో నెలకు హాలంతటిలో నాదే మొదటి స్థానం. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూ లేచి నిలబడ్డాను.

మేం నేర్పిన ఆ యాప్ కొన్నాళ్లకు మదనపల్లె యార్డుకు వచ్చింది. వాడమని మా అన్నకు ఫోను చేసి చెప్పింది నేనే. ఎవరి బలవంతమూ లేదు. దోరకాయ సంగతి గుర్తు లేకనా? ఉంది. కానీ ఇంత పెద్ద కంపెనీ, ఎక్కడో ఎవరో సరిచేసి ఉంటారులే అనుకున్నాను. మన చేతిలో పని తప్పుగా పోతున్నప్పుడు పైన ఎవరో తెలివైనవాడు కూర్చుని ఉంటాడనుకోవడం ఎంత సుఖమో!

మొదటిసారి నేనూ సెలవు పెట్టి వెళ్లాను. వి.కోట మీదుగా, పలమనేరు మీదుగా బస్సులు మారి ముందురోజే ఊరు చేరాను. తెల్లవారి అన్నతో పాటు మదనపల్లె. యార్డులో ఎప్పటి గోలే. హమాలీల అరుపులు, బండ్ల హారన్లు, కాళ్ల కింద చితికిన టమోటాల జారుడు. మండీలో కొత్తగా కనిపించిందల్లా మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఫోను పట్టుకుని తిరుగుతున్న ఒక అమ్మాయి. మా వరుస దగ్గరకొచ్చి క్రేట్ల మీదుగా ఫోను పోనిచ్చింది. టింగుమంది. "సీ గ్రేడ్" అంది. స్టిక్కరు అంటించి ముందుకు పోయింది.

అన్న నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "అమ్మాయ్, ఇంగోసారి సూడమ్మా. ఎండ పడినట్టుండాది." ఆ అమ్మాయి ఇంకోసారి చూసింది. మళ్లీ సీ.

పక్కన పద్దెనిమిదేళ్లుగా మా సరుకు కొనే ఉత్తరాది వ్యాపారి ఉన్నాడు. ఆయన తెలుగు ఇక్కడే నేర్చుకున్నాడు. కాయ తీసుకుని నొక్కాడు, కొరికాడు, మెచ్చుకోలుగా తల ఊపాడు. "అప్పా, కాయ ఫస్టు క్లాసు. నేను తీసుకుంటాను. కానీ మా సేఠు అక్కడ కూర్చోని ఫోన్లో సీ అని చూస్తాడు కదా. 'సీ'కి 'ఏ' రేటు ఎట్లా ఇచ్చావంటే నేను ఏం చెప్పాలి?"

"మీ సేట్‌కు ఫోన్ సేసి సెప్పు సామీ. పద్దెనిమిదేండ్లు తిన్యాడు గదా నా కాయ."

"చెప్పాను అప్పా. మనిషి మాట ఎందుకు, కంప్యూటర్ ఉంది కదా అంటాడు."

వేలంపాట సగం ధర దగ్గర మొదలై అక్కడే నిలబడిపోయింది. ఎదురు వరుసలో ఒకరి సరుకు, పొరపాటున చెట్టు మీదే మాగిపోయిన ఎర్రపండు, లారీ ఎక్కితే రెండో రోజుకే కారిపోయేది, దానికి 'ఏ' వచ్చింది. అన్న ఆ స్టిక్కరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే నాకు ఇబ్బంది. "ఏదో సిన్న పొరబాటు జరిగుండాది మ్మా. మీ ఆఫీసులో సెప్పి సరిసేయించు. నువ్వుండావు కదా ఆడ" అన్నాడు. సరేనన్నాను. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు.

మా జనం ఊరికే కూర్చునేవాళ్లు కాదు. వారం తిరక్కుండానే ఎవరో కనిపెట్టారు, ఎర్ర క్రేటులో పోస్తే కాయకు ఎరుపు నీడ తగిలి ఫోను బీ అంటుందని. ఇక చూడాలి! నీలం క్రేట్లను అడిగినవాడు లేడు. ఎర్ర క్రేట్ల కోసం మండీలో తోపులాటలు, మాటలు, ఒకరి క్రేట్లు ఒకరు దాచుకోవడాలు. ఒకాయన ఎర్ర చీర తెచ్చి పందిరిలాగా పట్టించాడట, ఫొటో తీసేటప్పుడు. ఆయనకు 'ఏ' వచ్చిందని ఊరూరా చెప్పుకున్నారు. మా వదిన ఫోనులో ఇది చెప్పి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, "నీ కంప్యూటరుకు సీరకూ టమోటాకూ తేడా తెలీదా మ్మా" అని అడిగింది. నాకు నవ్వు రాలేదు. మంచి కాయ పండించిన మనిషి దాన్ని మంచిదని నమ్మించడానికి పెళ్లాం చీర పట్టుకు నిలబడాలా? ఇదేనా ముందుకు పోవడమంటే?

ఆఫీసులో మళ్లీ అడిగాను. ఈసారి మెత్తగా అడగలేదు. యార్డులో తీసిన ఫొటోలు, వ్యాపారి మాటలు, అన్నీ పెట్టి ఉత్తరం రాశాను. టీమ్ లీడర్ పైకి పంపాడు. పైనుంచి జవాబొచ్చింది: మీ సూచనకు ధన్యవాదాలు, మా మోడల్ కచ్చితత్వం చాలా ఎక్కువ. కచ్చితత్వమట! దేనితో పోల్చి కచ్చితం?

సరే, నా చేతిలో ఉన్నది నేను చేస్తాననుకున్నాను. ఆరోజు నుంచి దోరకాయ కనిపిస్తే 'ఏ' పెట్టాను. కసిగా పెట్టాను. పది రోజులు పెట్టాను. పదకొండో రోజు టీమ్ లీడర్ పిలిచాడు.

"మేడమ్, మీ స్కోరు ఇంతగా పడిపోయిందేమిటి? మాస్టర్ జవాబులతో మీవి కలవడం లేదు."

మాస్టర్ జవాబులంటే, మాకిచ్చే ఫొటోల మధ్యలో మాకు తెలియకుండా కొన్ని పెడతారు. వాటికి సరైన గుర్తు ముందే నిర్ణయమై ఉంటుంది. దానికి తేడాగా పెడితే మనం తప్పు చేసినట్టు.

"ఆ జవాబులే తప్పు సార్. ఎవరు పెట్టారో పిలవండి, నేను మాట్లాడతాను. టమోటా చెట్టు ఎట్లుంటుందో చూసిన మనిషేనా?"

ఆయన తెర నా వైపు తిప్పాడు. ప్రతి మాస్టర్ ఫొటో కింద, గుర్తు పెట్టిన మనిషి నంబరు ఉంది. నాకు ఆ నంబరు చదవాల్సిన పని లేదు. రోజూ పొద్దున నేను కొట్టి లోపలికి వచ్చే నంబరే అది.

"అప్పట్లో మీదే టాప్ మేడమ్. అందుకే మీవే మాస్టర్‌గా పెట్టాం" అన్నాడు, పొగిడినట్టు.

నా సీటుకొచ్చి కూర్చున్నాను. పక్కసీటు అమ్మాయి మంచినీళ్లిచ్చింది. నాతో పోట్లాడుతున్నది నేనే. పాత నన్ను ఒప్పించడానికి కొత్త నాకు కామెంట్ బాక్స్ తప్ప దారి లేదు. ఈ హాల్లో ఉన్న ముప్పై మందినీ ఇప్పుడు నా తప్పుతోనే కొలుస్తున్నారు. ఎవరైనా ఒక రైతుబిడ్డ నిజం పెడితే, నా అబద్ధం ఆమెకు ఎర్ర గీత గీస్తుంది. అప్పుడు లేచి వెళ్లిపోయి ఉంటే ఈ కథ కొంచెం గౌరవంగా ఉండేది. సాయంత్రం దాకా పని చేసే వచ్చాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్లాను. పుంగనూరు బస్టాండుకు అన్న బండి తీసుకొచ్చాడు. టీ తాగుదామని నేనే ఆపాను. అంగడి ముందు బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పుస్తకంలో ఏముందో, నేనేం పెట్టానో, ఎందుకు పెట్టానో. టీ చల్లారిపోయింది.

"తెలిసే పెట్నావా?" అన్నాడు.

"తెలిసే పెట్టినాను అన్నా."

చల్లారిన టీ గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. తిడితే బాగుండేది. "ఉద్యోగం పోతాదని భయపడినావు. నేనైనా అదే సేస్తానేమో" అన్నాడు చివరికి. తర్వాత ఇంకో మాట అన్నాడు. "అయితే ఆ ఫోనుకు ఏది నచ్చుతాదో నీకు బాగా తెలుసునన్నమాట." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో వెటకారం వెతికాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

ఆ కోతకు అన్న కాయను చెట్టు మీద ఉంచి పూర్తిగా ఎర్రబడనిచ్చాడు. జీవితంలో మొదటిసారి. వదిన వద్దంది. నేనూ వద్దన్నాను, కానీ ఏ మొహంతో గట్టిగా చెప్పగలను? యార్డులో ఫోను టింగుమంది, 'ఏ' వచ్చింది, మంచి ధర పలికింది. నాలుగో రోజు ఆ ఉత్తరాది వ్యాపారి అన్నకు ఫోను చేశాడు. లారీ తలుపు తీస్తే రసం కారిందట, సగం క్రేట్లు చెత్తలో పోశారట. డబ్బులు వెనక్కి అడగలేదు ఆయన. "ఇంకెవరైనా అయితే ఏమీ అనుకునేవాణ్ణి కాదు. నువ్వు కూడానా అప్పా?" అని మాత్రం అడిగాడట. అన్న ఈ మాట నాతో చెప్పలేదు. వదిన చెప్పింది. ఆరోజు అన్నం తినలేదని కూడా చెప్పింది.

సేఠు ఫోనులో చూసి 'ఏ' అని కొన్నాడు. ఫోను నేను నేర్పింది చెప్పింది. నేను పుస్తకంలో ఉన్నది నేర్పాను. పుస్తకం రాసినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అందరికీ ఇది తప్పని తెలుసు. యార్డులో ఫోను పట్టుకుని తిరిగే అమ్మాయికి కూడా తెలుసు, వాళ్లదీ టమోటా ఇల్లేనట. తెలిసీ అందరం ఆ టింగు కోసం ఎదురుచూస్తూ నిలబడుతున్నాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మోసపోతే ఒక పద్ధతి. ఇది మోసం కూడా కాదు.

కిందటి నెల మళ్లీ ఊరికి వెళ్లాను. తోటలో కోత. పది మంది ఆడవాళ్లు, వరుసకొకరు. కర్రలకు కట్టిన చెట్లు బరువుతో వంగి ఉన్నాయి. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. నాలుగో సాలులో ఉన్న పెద్దామె తల ఎత్తి అడిగింది. మా నాయన కాలం నుంచి మా తోటలో కోస్తున్న మనిషి.

"ఈ సాలు కోసేదా అప్పా, ఇంగా ఉంచేదా?"

అన్న ఆ చెట్టు దగ్గరికి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్లాను. కింద మొన ఎర్రగా, పైన లేత పచ్చగా, నిండుగా ఉన్న కాయ. ఆయన చెయ్యి దాని వైపు పోలేదు.

"కోయండి పెద్దమ్మా. సరైన దోర, ఇంతకంటే మంచి కాయ దొరకదు" అన్నాను నేనే, ఆగలేక.

"నువ్వు సెప్తే కాదు మ్మా" అన్నాడు అన్న. "ఫోను ఏమంటాదో సూడు."

ఆయన ముఖం వైపు చూశాను. ఎగతాళి చేయడం లేదు, దెప్పడం లేదు. జవాబు కోసం ఆగి నిలబడ్డాడు. పెద్దామె కూడా నా చేతివైపే చూస్తోంది. సంచిలోంచి ఫోను తీసి, ఆ యాప్ తెరిచి కాయ ముందు పట్టుకున్నాను.

"ఏమనె?" అన్నాడు.

"సీ అంటాండాది."

"ఆ సాలు ఇడిసిపెట్టండమ్మా" అన్నాడు మా అన్న, పక్క సాలులోకి నడుస్తూ.